ఉప్మా పెట్టిన ఊళ్లు, పెట్టని ఊళ్లు: హైదరాబాద్ న్యూట్రిషన్ ట్రయల్ డిజైన్‌ను విప్పి చూస్తే

కమ్యూనిటీ మెడిసిన్ పీజీలకు రీసెర్చ్ డిజైన్ చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ముందు తీసేది హైదరాబాద్ న్యూట్రిషన్ ట్రయల్. 1987–90 మధ్య హైదరాబాద్ పక్కనే, రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనం ఇది. తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ అంటే చాలామందికి తెలుస్తుంది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అప్పటికప్పుడు వండిన ఉప్మా అందింది. మిగతా 14 ఊళ్లలో అందలేదు. ఇది మనం ఇంట్లో చేసుకునే బొంబాయి రవ్వ ఉప్మా కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయా నూనెతో వండినది. గర్భిణికి రోజుకు సుమారు 500 కిలో క్యాలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ అందేలా కొలత పెట్టారు.

ఈ కేస్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. థీసిస్ ప్రోటోకాల్ రాసే విద్యార్థి దృష్టంతా మామూలుగా చివరి అధ్యాయం మీదే ఉంటుంది. ఏ టెస్ట్ వేయాలి, పీ వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) ఎంత రావాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్నవే టెన్షన్. నేను గట్టిగా నమ్మేది వేరు. ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం, ఆ రెండు గుంపులూ ఎలా ఏర్పడ్డాయి, కొలత రెండు వైపులా ఒకేలా జరిగిందా అన్నవి మొదట్లోనే తేలిపోతాయి. అక్కడ మిగిలిపోయిన లోటు తరువాత ఏ లెక్కతోనూ పూర్తిగా పూడదు. ఈ ట్రయల్‌లో అలాంటి నిర్ణయాలన్నీ కళ్లకు కట్టినట్టు కనబడతాయి. కొన్ని ఎంతో ఆలోచించి తీసుకున్నవి, కొన్ని వేరే దారి లేక తీసుకున్నవి.

ప్రశ్న

ఈ ఉప్మా వెనుక ఉన్నది ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలు నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం. అది 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. తరువాత విడతల వారీగా విస్తరించింది. ఇంత ఆహారం పెడుతున్నాం కదా, దీనివల్ల ఏమైనా ఒరుగుతోందా అని ఎవరైనా అడుగుతారు. కానీ ‘పథకం బాగా పనిచేస్తోందా’ అన్నది పరిశోధన ప్రశ్న కాదు. దానికి ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్పొచ్చు. ‘గర్భిణులకు రోజూ అదనంగా ఇంత ఆహారం అందుబాటులో ఉన్న ఊళ్లలో, అది లేని ఊళ్లతో పోలిస్తే, పుట్టే బిడ్డల సగటు బరువు ఎక్కువగా ఉంటుందా’ అన్నప్పుడు అది పరిశోధన ప్రశ్న అవుతుంది. ఎవరిలో, దేనివల్ల, దేనితో పోలిస్తే, ఏది మారుతుంది అన్న నాలుగూ అందులో ఉన్నాయి. నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా మొత్తం ప్రోటోకాల్ తడబడుతుంది. నా దగ్గరికి వచ్చే ప్రోటోకాల్స్‌లో ఎక్కువసార్లు కనబడకుండా పోయేది మూడోది, ‘దేనితో పోలిస్తే’ అన్నది.

పుట్టిన బరువును ఫలితంగా ఎంచుకోవడం కూడా గమనించాల్సిన విషయమే. త్రాసు మీద తేలే అంకె కాబట్టి అభిప్రాయాలకు చోటు లేదనిపిస్తుంది. నిజానికి చాలా చోటుంది. పుట్టిన శిశువు మొదటి మూడు నాలుగు రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే, 5 శాతం తగ్గినా ఎవరూ కంగారు పడరు. 2,700 గ్రాముల శిశువుకు 5 శాతం అంటే 135 గ్రాములు. ఆ రోజుల్లో పల్లెల్లో కాన్పులు చాలావరకు ఇళ్లలోనే జరిగేవి. ఒక వైపు ఊళ్లలో అంగన్‌వాడీ కార్యకర్త ఉంది కాబట్టి కబురు వెంటనే అందిందనుకోండి, శిశువును మొదటి రోజే తూచారు. రెండో వైపు కబురు మూడో రోజుకు చేరింది, అప్పుడు తూచారు. ఆహారం వల్ల ఏ మార్పూ లేకపోయినా మొదటి వైపు పిల్లలు వంద గ్రాములకు పైగా బరువు ఎక్కువ ఉన్నట్టు తేలుతుంది. ఆహారం వల్ల మనం నిజంగా ఆశించే తేడా కొన్ని పదుల గ్రాములే. అంటే కొలిచే వేళలోని తేడా అసలు ఫలితాన్నే మింగేయగలదు. అందుకే పుట్టిన ఎన్ని గంటల్లోపు తూచాలి, ఏ త్రాసు, ఎవరు తూచాలి, ఎన్ని రోజులకోసారి త్రాసును సరిచూడాలి అన్నవన్నీ ప్రోటోకాల్‌లో రాసి ఉండాలి.

ఇంకొక్క మాట. బరువును గ్రాముల్లో కొలిచి, విశ్లేషణకు వచ్చేసరికి 2.5 కిలోల గీత గీసి ‘తక్కువ’, ‘మామూలు’ అని రెండు ముక్కలు చేయడం మన దగ్గర బాగా అలవాటు. 2,490 గ్రాముల శిశువు ఒక పక్క, 2,510 గ్రాముల శిశువు ఇంకో పక్క పడతారు. 1,600 గ్రాముల శిశువు, 2,490 గ్రాముల శిశువు ఒకే గూటిలో చేరతారు. కష్టపడి తెచ్చిన సమాచారాన్ని చేతులారా పారబోసుకోవడమే ఇది. ఆ గీత వైద్యానికి అవసరం. పరిశోధనలో మాత్రం సగటు బరువే ముఖ్య ఫలితంగా ఉంటే తక్కువ మందితోనే తేడా పట్టుకోవచ్చు.

పోలిక గుంపు

ఉప్మా పెట్టిన ఊళ్లను మాత్రమే తీసుకుని, ముందు బరువులు, తరువాత బరువులు పోలిస్తే సరిపోదా? చాలా థీసిస్‌లు చేసేది ఇదే. ఆ కాలాన్ని గుర్తు చేసుకుంటే అది ఎందుకు కుదరదో అర్థమవుతుంది. 1983 నుంచి రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం నడుస్తోంది. 1987లో దేశమంతటా తీవ్రమైన కరువు. కరువు ఏడాది తూచిన బరువులు ముందు లెక్క, వానలు పడిన తరువాతి ఏడాది బరువులు తరువాతి లెక్క అయితే, ఉప్మా లేకపోయినా బరువు పెరిగినట్టే కనబడుతుంది. అదే కాలంలో, అవే వానల కింద, అదే రేషన్ బియ్యం తింటున్న ఊళ్లు పక్కనే ఉంటే ఈ కారణాలు రెండు వైపులా సమానంగా పనిచేస్తాయి, పోలికలో కొట్టుకుపోతాయి. ఈ ట్రయల్‌లో టీకాలు, గర్భిణుల రక్తహీనత నివారణ లాంటి ఇతర జాతీయ కార్యక్రమాలు రెండు వైపులా ఉన్నాయి. తేడా అల్లా అదనపు ఆహారమే కావాలన్నది ఉద్దేశం. కంట్రోల్ గ్రూప్ పని అదే.

అయితే ఏ ఊరు ఏ వైపు ఉండాలన్నది పరిశోధకులు చీటీ వేసి తేల్చలేదు. పక్కపక్కనే ఉన్న రెండు పరిపాలనా ప్రాంతాలు తీసుకున్నారు. ఒకదానిలో ఐసీడీఎస్ వచ్చేసింది. రెండోదానికి ఇంకా రాలేదు, రావాల్సి ఉంది. అంటే ప్రభుత్వ విస్తరణ క్రమమే గుంపులను తయారు చేసింది. ఇది తెలివైన ఆలోచన. తినే పళ్లెం ఎవరి ముందు నుంచీ లాగేయలేదు, పథకం ఎలాగూ చేరని ఊళ్లనే కంట్రోల్‌గా తీసుకున్నారు. నైతికంగా అంతకంటే మెరుగైన దారి ఆనాడు దొరకడం కష్టం. కానీ డిజైన్‌లో ఇక్కడే పెద్ద చిక్కు పడింది.

ఇలా చీటీ వేసి గుంపులు చేయడాన్నే రాండమైజేషన్ అంటాం. అది ఏం చేస్తుందో మన పక్క రాష్ట్రంలో జరిగిన పాత అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 1956లో మద్రాసులో టీబీ చికిత్సా కేంద్రం పెట్టారు. క్షయ రోగికి మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానటోరియంలో విశ్రాంతి, మంచి తిండి, గాలి వెలుతురు ఉంటేనే నయమవుతుందని అందరూ నమ్మే కాలమది. ఆ కేంద్రం నగరంలోని 193 మంది పేద రోగులను రాండమ్‌గా రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి ఏడాది పాటు ఇంటి దగ్గరే మందులు, రెండో భాగానికి అవే మందులు శానటోరియంలో. ఏడాది చివర వ్యాధి అదుపులోకి వచ్చినవాళ్లు ఇంటి గుంపులో 86 శాతం, శానటోరియం గుంపులో 92 శాతం. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి ఉన్నా అంత దగ్గరగా వచ్చింది. దాన్ని ప్రపంచం నమ్మడానికి కారణం, ఎవరు ఎటు వెళ్లాలన్నది డాక్టరు అభిప్రాయం మీద గానీ, రోగి స్తోమత మీద గానీ ఆధారపడకపోవడం. వయసు, జబ్బు తీవ్రత లాంటి మనం కొలిచినవే కాదు, మనకు తట్టనివి కూడా రెండు వైపులా సర్దుకునేలా చేయగలిగేది రాండమైజేషన్ ఒక్కటే.

హైదరాబాద్ ఊళ్లకు ఆ భరోసా లేదు. ఒక ప్రాంతానికి పథకం ముందు ఎందుకు వచ్చింది? ఐసీడీఎస్ విస్తరణలో వెనుకబడిన ప్రాంతాలకు ప్రాధాన్యం ఉండేది. అలాగైతే ఉప్మా అందిన ఊళ్లు మొదటి నుంచీ కాస్త పేదవి అయివుండొచ్చు, అప్పుడు ఉప్మా చేసిన మేలు అసలు కంటే తక్కువగా కనబడుతుంది. కాదు, సిటీకి దారి బాగున్న ప్రాంతానికి ముందు వచ్చిందనుకుంటే, పాలు, కూరగాయలు అమ్ముకునే వీలు, కూలి పనులు ఉన్న ఊళ్లవి. అప్పుడు మేలు అసలు కంటే ఎక్కువగా కనబడుతుంది. విద్యార్థులు తమ పరిమితుల పేరాలో ‘కన్ఫౌండింగ్ ఉండవచ్చు’, అంటే రెండు గుంపుల మధ్య ముందు నుంచీ ఉన్న వేరే తేడా ఫలితంలో కలిసిపోయి ఉండవచ్చు అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. ఏ అంశం, ఎటు లాగుతుంది, ఎంతవరకు లాగగలదు అన్నది రాయాలి. దిక్కు చెప్పలేని పరిమితి చదివేవాడికి ఎందుకూ పనికిరాదు.

ఇదే ప్రశ్న మీద గ్వాటెమాలాలో 1969–77 మధ్య జరిగిన అధ్యయనం ఇంకో దారి పట్టింది. అక్కడ నాలుగే ఊళ్లు. రెండు ఊళ్లలో ప్రొటీన్ ఉన్న ‘అటోలే’ అనే జావ, మిగతా రెండింట్లో ప్రొటీన్ లేని, శక్తి తక్కువ ఉన్న ‘ఫ్రెస్కో’ అనే పానీయం. కంట్రోల్ ఊళ్లకు కూడా ఏదో ఒకటి ఇవ్వడం చాలా ముఖ్యం. రోజూ ఒక చోట కూడడం, కార్యకర్త పలకరించడం, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు వినడం రెండు వైపులా జరుగుతుంది. హైదరాబాద్ ట్రయల్‌లో ఉప్మాతో పాటు అంగన్‌వాడీ అనే మొత్తం ఏర్పాటు కూడా ఒకే వైపు ఉంది. కాబట్టి అక్కడ కనబడిన తేడా ఆహారం ఒక్కదానిదే అని గట్టిగా అనలేం, పథకం మొత్తానిది అనొచ్చు. విధానం నిర్ణయించేవాళ్లకు ఆ జవాబే ఎక్కువ ఉపయోగం కావచ్చు. శరీరధర్మం తెలుసుకోవాలనుకునేవాళ్లకు అది చాలదు.

మనుషులను లెక్కపెట్టాలా, ఊళ్లనా

‘సార్, శాంపిల్ సైజు ఎంత పెట్టమంటారు?’ అని అడగని పీజీ ఉండరు. ‘ఎంత తేడా పట్టుకోవాలనుకుంటున్నావమ్మా?’ అని నేను తిరిగి అడుగుతాను. చాలాసార్లు అక్కడ మాట ఆగిపోతుంది. కానీ ఆ అంకె లేకుండా లెక్క మొదలుకాదు. బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ పుట్టిన బరువుకు 400 గ్రాములు అనుకుందాం. 100 గ్రాముల తేడాను 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్‌తో (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం) పట్టుకోవాలంటే ఒక్కో వైపు 251 మంది చాలు. తేడా 60 గ్రాములే అనుకుంటే ఒక్కో వైపు దాదాపు 700 మంది కావాలి. వెతికే తేడా సగానికి తగ్గితే కావాల్సిన మంది నాలుగింతలవుతారు. అందుకే ‘వంద మందిని తీసుకుంటాం, టైం లేదు’ అని మొదలుపెట్టే అధ్యయనాలు తేడా లేదని తేల్చినప్పుడు, నిజంగా తేడా లేదో, కనబడలేదో ఎవరూ చెప్పలేరు.

ఈ లెక్క మనుషులను ఒక్కొక్కరిగా గుంపుల్లో వేసినప్పటిది. ఇక్కడ ఆహారం వెళ్లింది ఊరికి. ఒకే ఊరివాళ్లు ఒకే బోరు నీళ్లు తాగుతారు, ఒకే చెరువు కింద పంట తింటారు, ఒకే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఒక ఊళ్లో నలభయ్యో పిల్లవాడు చెప్పే కొత్త విషయం, మొదటి పిల్లవాడు చెప్పినంత ఉండదు. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అనే గుణకంతో సర్దుతాం. ఊరికి సగటున ఎంతమంది ఉన్నారో అందులోంచి ఒకటి తీసేసి, ఊరిలోని పోలిక ఎంతో చెప్పే ఐసీసీ అనే అంకెతో గుణించి, ఒకటి కలపాలి. ఈ ఊళ్ల పిల్లలను ఏళ్ల తరువాత వెతికి చేసిన ఫాలోఅప్‌లో పరీక్షించిన 1,165 మందిని తీసుకుంటే 29 ఊళ్లకు సగటున ఊరికి 40 మంది. ఉదాహరణకు ఐసీసీ 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 2.95. అంటే 1,165 మంది ఇచ్చే సమాచారం, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన సుమారు 395 మంది ఇచ్చేంత. ఐసీసీ చూడ్డానికి చిన్న అంకె, కానీ శాంపిల్‌ను మూడో వంతుకు తెచ్చేసింది. ఇలాంటప్పుడు ఊరికి మనుషులను పెంచడం కంటే ఊళ్లను పెంచడమే మేలు.

ఈ సర్దుబాటు సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. అది సర్దలేనిది ఇంకొకటి ఉంది. ఉప్మా ఊళ్లన్నీ ఒక ప్రాంతంలో, కంట్రోల్ ఊళ్లన్నీ పక్క ప్రాంతంలో ఉన్నాయి. ప్రాంతాల వారీగా చూస్తే ఒక్కో వైపు ఒక్కటే యూనిట్. 29 ఊళ్లు ఉన్నా, రెండు ప్రాంతాల మధ్య ముందు నుంచీ ఉన్న తేడానూ ఉప్మా వల్ల వచ్చిన తేడానూ విడదీసే మార్గం డేటాలో లేదు. ఇవే 29 ఊళ్లు చదరంగం గళ్లలా కలిసిపోయి ఉండుంటే కథ వేరుగా ఉండేది. మీరు రెండు పీహెచ్‌సీలు తీసుకుని, ఒకదానిలో కార్యక్రమం పెట్టి, రెండోదానితో పోలుస్తున్నారా? ఒక్కోదానిలో 500 మంది ఉన్నా మీది ఒకటికి ఒకటి పోలికే. జిల్లా స్థాయి అధ్యయనాల్లో నేను తరచూ చూసే లోపం ఇదే, మొదటి వారంలో సరిచేసుకోగలిగింది కూడా ఇదే. రెండు పెద్ద పీహెచ్‌సీల బదులు పన్నెండు సబ్‌సెంటర్లు తీసుకుని చీటీ వేస్తే చాలావరకు బయటపడొచ్చు.

ఎవరు తిన్నారు

అంగన్‌వాడీలో పెట్టిన ఆహారం ఎవరి కడుపులోకి వెళ్తుందో పల్లెలో తిరిగిన వాళ్లందరికీ తెలుసు. గర్భిణి స్టీలు గిన్నె పట్టుకొస్తుంది, ఇంటికి తీసుకెళ్తుంది, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే వాళ్ల పళ్లేల్లోకి ముందు వెళ్తుంది. మిగిలింది అత్తగారు తిన్న తరువాత ఆమెకు. అక్కడే కూర్చుని తిన్నా, ‘తిని వచ్చావుగా’ అని ఇంట్లో ఒక పూట తగ్గొచ్చు. 500 క్యాలరీలు పెట్టడం వేరు, 500 క్యాలరీలు అదనంగా అందడం వేరు.

అలాంటప్పుడు నిజంగా తిన్నవాళ్లనే తీసుకుని కంట్రోల్ ఊళ్లతో పోల్చాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. రోజూ వచ్చి తినేవాళ్లెవరు? ఇల్లు దగ్గర ఉన్నవాళ్లా, బాగా పేదవాళ్లా, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లా? వాళ్లు ఊళ్లో మిగతావాళ్లలాంటివాళ్లు కాదు. కంట్రోల్ ఊళ్లలో అలాంటివాళ్లను వేరుచేసి చూపించలేం కాబట్టి పోలిక చెడిపోతుంది. తిన్నా తినకపోయినా ఉప్మా ఊరివాళ్లందరినీ ఒక వైపు, కంట్రోల్ ఊరివాళ్లందరినీ ఒక వైపు పెట్టి చూడాలి. ఈ ట్రయల్ ఫలితాలు అలాగే ఇచ్చారు. వచ్చే అంకె చిన్నదవుతుంది, కానీ ఊరికి పథకం ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు అదే.

పదమూడేళ్ల తరువాత

ఈ ట్రయల్ ఇక్కడితో ఆగివుంటే దేశంలోని పోషకాహార నివేదికల్లో ఒకటిగా మిగిలేది. దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక ఆలోచన. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో పెద్దయ్యాక గుండెజబ్బు మరణాలు ఎక్కువని డేవిడ్ బార్కర్ బృందం 1980ల చివర హెర్ట్‌ఫర్డ్‌షైర్ పాత జనన రికార్డుల ఆధారంగా చూపింది. అది పరిశీలనా అధ్యయనం, అంటే ఎవరికీ ఏదీ ఇవ్వకుండా జరిగినదాన్ని చూసి రాసింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ పేద ఇంట్లోనే పెరుగుతుంది కాబట్టి, కారణం గర్భంలో ఆకలా, తరువాతి పేదరికమా అన్నది తేలలేదు. గర్భిణికి ఆహారం ఇచ్చిన, ఇవ్వని గుంపులు నిజంగా ఉన్న చోటు కావాలి. అలాంటివి ప్రపంచంలోనే కొద్ది. రంగారెడ్డి జిల్లా ఊళ్లు అందులో ఒకటి.

2003–05లో ఆ పిల్లలను వెతికారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని పరీక్షించారు, ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల హద్దులు) 4 నుంచి 23 మిల్లీమీటర్లు. ఇన్సులిన్ నిరోధాన్ని సూచించే హోమా స్కోరు 20 శాతం తక్కువ, ఇంటర్వెల్ 3 నుంచి 39 శాతం. రక్తనాళాల బిరుసును చెప్పే ఆగ్మెంటేషన్ ఇండెక్స్ 3.3 శాతం తక్కువ, ఇంటర్వెల్ 1 నుంచి 5.7. శరీరంలో కొవ్వు, కండ పాళ్లు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. రక్తపోటులో, కొలెస్ట్రాల్ లాంటి కొవ్వుల్లో గట్టి తేడా దొరకలేదు.

ఆ 14 మిల్లీమీటర్ల దగ్గర కాసేపు ఆగాలి. ఒకే మనిషి ఎత్తు పొద్దున లేచినప్పటికీ సాయంత్రానికీ దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య డిస్కులు ఒత్తుకుపోవడమే కారణం. ఒక వైపు ఊళ్ల జీపు ఉదయం ఎనిమిదింటికి క్యాంపుకు చేరి, రెండో వైపు జీపు మధ్యాహ్నం దాటాక చేరే పద్ధతిలో రోజులు గడిస్తే, చూస్తున్న తేడాలో పెద్ద భాగం జీపు టైమింగుదే అయిపోగలదు. మడమలు గోడకు ఆనాయా, జడ విప్పారా, చూపు నేరుగా ఉందా అన్నవి మరో అర సెంటీమీటరు మార్చేస్తాయి. ఈ పొరపాట్లు రెండు వైపులా అడ్డదిడ్డంగా జరిగితే ఇంటర్వెల్ వెడల్పవుతుంది, అంతే. ఒకే వైపు జరిగితే లేని ఫలితం పుడుతుంది. రెండు రకాల తప్పులనూ ఒకే గాటన కట్టి ‘మెజర్‌మెంట్ ఎర్రర్’ అనడం వల్ల విద్యార్థికి ప్రమాదం ఎక్కడుందో తెలియకుండా పోతోంది. హోమా స్కోరు కూడా అంతే. పరగడుపున తీసిన ఇన్సులిన్‌ను, పరగడుపు గ్లూకోజు మిల్లీగ్రాములతో గుణించి 405తో భాగిస్తే వచ్చేది అది. పొద్దున్నే ఒక గ్లాసు చక్కెర టీ తాగి వచ్చిన కుర్రాడి రక్తం ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. క్యాంపు దూరమైన ఊళ్ల పిల్లలే టీ తాగి వస్తారు. కాబట్టి రెండు వైపుల ఊళ్లనూ ఒకే రోజు, ఒకే వేళ, కలగలిపి పిలవాలి. కొలిచేవాళ్లకు పిల్లవాడు ఏ వైపు ఊరివాడో తెలియకుండా నంబరుతో పంపాలి. ఖర్చు పెద్దగా పెరగదు, షెడ్యూల్ వేసేవాడికి శ్రమ పెరుగుతుంది.

హోమా ఇంటర్వెల్ చూడండి, 3 నుంచి 39. అసలు తేడా 3 శాతమే కావచ్చు, 39 కూడా కావచ్చు. 3 అయితే వైద్యపరంగా చెప్పుకోదగ్గది కాదు, 39 అయితే దేశ ఆరోగ్య విధానమే మారాలి. పీ వాల్యూ 0.02 అని మాత్రం రాస్తే ఈ అనిశ్చితి అంతా చదివేవాడి కంటికి కనబడకుండా పోతుంది. పైగా ఇక్కడ కొలిచినవి చాలా ఉన్నాయి. ఎక్కువ కొలిస్తే ఒకటో రెండో యాదృచ్ఛికంగా కూడా 0.05 కిందికి వస్తాయి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ఔషధ ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి అయింది. ముఖ్య ఫలితం ఏదో ముందే రాసి పెట్టడం అన్న అలవాటు దానివల్లే మన కాలేజీల్లోకి వచ్చింది. అబ్జర్వేషనల్ థీసిస్‌కు కూడా ఆ పని చేయమని నేను పట్టుబడతాను.

ఉప్మా గర్భిణులకూ అందింది, పుట్టాక పిల్లలకూ అందింది. తేడా గర్భంలో తిండి వల్ల వచ్చిందా, మూడేళ్ల వయసులో తిన్నదాని వల్ల వచ్చిందా అన్నది ఈ డిజైన్‌తో తేల్చలేం. పథకం అలా ఉంది, ట్రయల్ పథకాన్ని అనుసరించింది.

దొరకనివాళ్లు

2010–12 విడతలో ఆ పిల్లలతో పాటు తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకున్నారు. అప్పటికే దాని పేరు ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ. చేరాల్సిన 10,213 మందిలో దాదాపు 6,225 మంది పాల్గొన్నారు, అంటే 61 శాతం. ఇన్నేళ్ల తరువాత పల్లెల్లో ఇంతమందిని కూడగట్టడం మామూలు శ్రమ కాదు, ఫీల్డ్ సిబ్బందికి చేతులెత్తి మొక్కాలి. అయినా రానివాళ్లెవరు అని అడగక తప్పదు. హైదరాబాద్ శివార్లలోని ఊళ్ల నుంచి చదువుకున్న కుర్రాళ్లు సిటీకి వెళ్తారు, ఆడపిల్లలు పెళ్లయి వెళ్లిపోతారు. రెండు వైపులా ఒకే రకంగా వెళ్లిపోతే పోలికకు పెద్ద దెబ్బ తగలదు. ఉప్మా ఊళ్లలో బాగా ఎదిగినవాళ్లే ఎక్కువ వెళ్లిపోతే మేలు తగ్గినట్టు కనబడుతుంది. కాబట్టి ‘61 శాతం బాగుందా’ అన్న ప్రశ్నకు ఒక్క మాట జవాబు లేదు. ఏ వైపు ఎంతమంది పోయారు, పోయినవాళ్ల తొలినాటి వివరాలు ఉన్నవాళ్లతో పోలిస్తే ఎలా ఉన్నాయి అన్న పట్టిక కావాలి. తోబుట్టువులను చేర్చడంలో ఒక మంచి ఆలోచన ఉంది. ఒకే ఇంట్లో, ఒకే తల్లికి పుట్టిన పిల్లలను పోల్చే వీలు దొరికితే కులం, ఆస్తి, ఊరు లాంటివి చాలావరకు పక్కకు తప్పుకుంటాయి.

ఇదే ప్రశ్న ఇవాళ వేస్తే

2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి సంపూర్ణ పోషణ వచ్చింది. కాబట్టి ‘ఆహారం లేని ఊళ్లు’ అనే కంట్రోల్ గ్రూప్ ఇప్పుడు చట్టప్రకారం కుదరదు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ప్రశ్నే మారాలి: ఇప్పుడిస్తున్న భోజనంతో పోలిస్తే, దానికి ఇంకొకటి జోడిస్తే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా?

నేనైతే యూనిట్‌గా అంగన్‌వాడీ కేంద్రాన్ని తీసుకుంటాను. ఒకే మండలంలోని కేంద్రాలనే రెండుగా విడగొట్టి, ప్రతి మండలంలోనూ అదే చేస్తాను. అప్పుడు మండలాల మధ్య తేడా రెండు వైపులా పడుతుంది. కొత్త అంశాన్ని విడతల వారీగా అన్ని కేంద్రాలకూ ఇస్తాం, ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది మాత్రం కలెక్టరు ఆఫీసులో అందరి ముందూ చీటీ తీసి తేలుస్తాం. విస్తరణ ఎలాగూ విడతల్లోనే జరుగుతుంది, ఆ క్రమాన్ని చీటీకి అప్పగిస్తే ప్రభుత్వానికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. ఇప్పుడు కాన్పులు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే కాబట్టి బరువు తొలి గంటల్లోనే దొరుకుతుంది. కానీ లేబర్ రూమ్ రిజిస్టర్లు తిరగేసిన ఎవరికైనా తెలుసు, 2.5, 3.0 లాంటి గుండు అంకెలు ఎన్నెన్ని కనబడతాయో. అందుకని పాల్గొనే ప్రతి లేబర్ రూమ్‌లో 10 గ్రాముల వరకు చూపే డిజిటల్ త్రాసు, దాన్ని వారానికోసారి సరిచూసే తూకపు రాయి, త్రాసు చూపిన అంకెను అలాగే రాయాలని స్టాఫ్ నర్సులకు ఒక పూట శిక్షణ బడ్జెట్‌లో మొదటి పద్దుగా పెట్టుకోవాలి.